తప్పు వరసలో రెండు శిలువలు

యేవర్, 29 సెప్టెంబరు 1986

ఆడపడుచు తాల్కేకి, ఆల్ముత్ వదిన రాస్తున్నాను.

నువ్వు రైలెక్కిన మర్నాటి నుంచి ఇక్కడ ఒకటే వాన. నీ గొడుగు మా గుమ్మం వెనకే ఉండిపోయింది. మనిషి వెళ్ళినా గొడుగు మాత్రం అచ్చం నీలాగే మూలన నిటారుగా నిలబడి నా వంటింటికి వంకలు పెడుతున్నట్టుంది. రేగుపళ్ళ కేకు గట్టిగా వచ్చిందని నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. ఆ గట్టి కేకునే ఎడంచేత్తో కోసుకుని నాలుగు ముక్కలు తిన్నావు, అదీ మరిచిపోలేదు.

అసలు సంగతికి వస్తాను. ఇది ఫోనులో చెప్పేది కాదు. మా ఫోను హాల్లో మీ అన్నయ్య పతకాల బీరువా పక్కనే ఉంది. నీ చెవికి ఎక్కేట్టు నేను అరిస్తే ఆయనకే కాదు, వీధి చివరి బేకరీకి కూడా వినిపిస్తుంది.

మామగారి పతకాల పట్టీ కనపడటం లేదు. సన్నటి రేకు మీద రెండు రిబ్బన్లు కుట్టి, రెండు శిలువలు వేలాడదీసినది. ఒకటి మొదటి ప్రపంచ యుద్ధంలో మన చక్రవర్తి కైజర్ ఇచ్చిన నలుపూ తెలుపూ రిబ్బనుది, రెండోది మన ఓల్డెన్‌బుర్గ్ గ్రాండ్ డ్యూక్ ఇచ్చిన నీలం మీద ఎర్ర అంచుది. మీ అన్నయ్య బీరువాల్లో పటం మీద వేలు పెడితే వేలికిందే మాయమైపోయే రాజ్యాల పతకాలు ఎన్నో ఉన్నాయి. లిప్పె, వాల్డెక్, రాయిస్, ఇంకా ఏవేవో. వాటిలో ఏ పదో పోతే దుమ్ము దులిపే దాన్నిగా నాకు సంతోషమే. కానీ ఇది ఆయన నాన్నది. ఆయన ఈ పిచ్చిలో పడింది ఈ పట్టీతోనే. మిగతావన్నీ దానికి చుట్టాలు.

సొరుగులన్నీ ఊడదీసి భోజనాల బల్ల మీద పరిచాడు. మేము వంటింట్లో నిలబడి తింటున్నాం. "ఐలర్ట్, సర్వేయరుగా జిల్లా మొత్తం కొలిచావు, ఒక సొరుగు వెతకలేవా?" అని నేను నవ్వబోతే ఆయన నవ్వలేదు. "నేనే ఎక్కడో పెట్టి ఉంటాను. ఎక్కడో తెలియడం లేదు" అన్నాడు. ఆ గొంతు నాకు నచ్చలేదు తాల్కే. ఈ మధ్య చిన్న చిన్నవి జరుగుతున్నాయి. నువ్వు ఉన్నప్పుడు నేను కప్పిపెట్టాను. పొయ్యి మీద కెటిల్ మాడ్చాడు. కళ్ళజోడు బ్రెడ్డు డబ్బాలో దొరికింది.

ఆదివారం టీ దగ్గర ఆయన ఆ పట్టీ తీసి నీకు చూపించాడు కదా. తిరిగి సొరుగులో పెట్టడం నువ్వు చూశావా? ఆ ఒక్కటీ చెప్పు చాలు.

మీ అన్నయ్య నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. నేనూ అడిగినట్టే.

ఆల్ముత్


బ్రౌన్‌ష్వైగ్, 3 అక్టోబరు

వదినా,

గొడుగు అక్కడే ఉండనీ. నవంబరులో మీ స్వర్ణోత్సవ పెళ్ళిరోజుకి వస్తాను కదా, అప్పుడు తెచ్చుకుంటాను. యాభై ఏళ్ళు మా అన్నయ్యని భరించినందుకు నీకు పతకం ఇవ్వాలి గానీ, ఆయన పతకం పోయిందని ఇంత గాభరా ఎందుకు?

సొరుగులో పెట్టాడో లేదో నేను చూడలేదు. నేను నీ కర్టెన్ల అంచులు చూస్తున్నాను. అవి ఎవరు కుట్టారో గానీ, నా దగ్గర చదివిన ఆరో తరగతి పిల్లలు అంతకంటే బాగా కుట్టేవాళ్ళు. కుట్టుపని టీచరుగా ముప్పై ఏళ్ళు బతికిన కన్ను, ఏం చేస్తుంది చెప్పు.

అన్నయ్యని వెతకొద్దని చెప్పు. పాత వస్తువులు ఒక్కోసారి షికారు వెళ్ళి, పండగ పూటకి ముస్తాబై తిరిగొస్తాయి. ఆయనకి ఈ వయసులో కాస్త మతిమరుపు వస్తే వింత ఏముంది? చిన్నప్పుడు నన్ను గుర్రాల సంతలో మరిచిపోయి ఇంటికొచ్చేశాడు. అప్పుడు ఆయనకి పదేళ్ళు.

సరే గానీ, ఆ పట్టీ మీద రిబ్బన్లు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో గమనించావా? పురుగులు తినేశాయి. నీలం రిబ్బను అయితే మధ్యలో పీచులే మిగిలాయి. మా నాన్న గుండె మీద పెట్టుకున్నది అలా ఉండటం చూసి నాకు కోపం వచ్చింది. ఇంతకంటే ఇప్పుడేమీ చెప్పను.

తాల్కే


యేవర్, 9 అక్టోబరు

తాల్కే,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ హాస్యాన్ని కాస్త ఎండలో ఆరబెట్టి, పనికొచ్చేట్టుంటే మళ్ళీ పంపు. మతిమరుపు వింత కాదన్నావు. వింత కాకపోవచ్చు. ఆ మనిషి పక్కన రోజూ నిద్ర లేచేది నేను.

ఏం జరిగిందో చెబుతాను, విను.

శనివారం కారేసుకుని బ్యాంకుకి వెళ్ళాడు. నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. కారు ఎవరో ఎత్తుకుపోయారని పోలీసులకి ఫోను చేశాడు. వాళ్ళు వెళ్ళి చూస్తే బ్యాంకు గుమ్మం ముందే పెట్టిన చోట పెట్టినట్టే ఉంది. ఊళ్ళో ఈపాటికి చెప్పుకోవడం అయిపోయింది కూడా.

మా అబ్బాయి ఓనో ఊరుకుంటాడా? వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు గడియారం బొమ్మ గీయమన్నాడట. మీ అన్నయ్య రోమన్ అంకెలతో, ముల్లు నీడతో సహా గీసి, "ఏ కంపెనీ గడియారం కావాలి?" అని అడిగాడట. అంతవరకు బాగానే ఉంది. మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్ళీ అడిగితే మాత్రం ఒక్కటీ రాలేదట. ఇంటికొచ్చి నాతో, "ఆ పట్టీ ఎక్కడుందా అని ఆలోచిస్తుంటే వాడు ఆపిల్, బల్ల అంటూ ఏదో అన్నాడు" అన్నాడు. ఓనో మాత్రం నా వైపు చూశాడు.

నవంబరు పన్నెండున పెద్ద డాక్టరు దగ్గర పరీక్ష. ఆయన గనక జబ్బే అంటే, ఓనో అంతా సిద్ధం చేసి పెట్టుకున్నాడు. ఇల్లు అమ్మేసి మమ్మల్ని ఓల్డెన్‌బుర్గ్‌లో వృద్ధుల గదిలో పెడతాడట. చూసి కూడా వచ్చాడు. "అమ్మా, ఎండ బాగా వస్తుంది" అన్నాడు. అక్కడ మనిషికి ఒకటే బీరువా. పతకాలన్నీ ఏ వర్తకుడికో మూకుమ్మడిగా ఇచ్చేస్తారు. ఆ పతకాల వెనక మనుషుల పేర్లు కనుక్కోవడానికి మీ అన్నయ్య ఎన్ని చర్చిల పుస్తకాలు తిరగేశాడో, ఎన్ని సమాధుల నాచు గీకాడో నాకు తెలుసు. వర్తకుడి తట్టలో పడితే ఆ పేర్లన్నీ పోతాయి. అప్పుడు ఆయన ఏమవుతాడో నాకు తెలియదు.

ఇంకా అయిపోలేదు. ఫోకెన్ గారు తెలుసు కదా, పశువుల డాక్టరుగా చేసి రిటైరైన ఆయన, ప్రతి గురువారం మా ఇంట్లో టీ తాగే ఆయన. పట్టీ పోయే ముందు దాన్ని భూతద్దంలో చూసింది ఆయనే. ఎన్నేళ్ళుగానో "నాకివ్వు ఐలర్ట్, బదులు నా సాక్సనీ పతకాలు రెండిస్తా" అని అడుగుతున్నాడు. పోయిన గురువారం కప్పులో కలకండ వేసి, మీద మీగడ వదులుతున్నానో లేదో, మీ అన్నయ్య లేచి, "ఫోకెన్, నీ కోటు జేబులు చూపించు" అన్నాడు.

ఫోకెన్ గారు మొదటి కప్పు సగంలోనే, ఇక పొయ్యొద్దన్న గుర్తుగా చెంచా కప్పులో పెట్టేసి లేచిపోయాడు. ఈ ముప్పై ఏళ్ళలో మూడో కప్పు కాకుండా ఆయన చెంచా కప్పులో పెట్టడం నేను చూడలేదు.

ఇప్పుడు చెప్పు, నవ్వాలా?

ఆల్ముత్


బ్రౌన్‌ష్వైగ్, 13 అక్టోబరు

వదినా,

నిలబడి చదువుతుంటే కూర్చో. కూర్చుని ఉంటే చేతిలో ఏమీ పెట్టుకోకు.

పట్టీ నా దగ్గరుంది.

అన్నయ్య కేకు కోసం వంటింట్లోకి వెళ్ళినప్పుడు నేనే చేతిరుమాల్లో చుట్టి సంచిలో వేసుకున్నాను. దొంగతనం కాదు. మీ స్వర్ణోత్సవానికి కానుకగా బాగుచేసి తెద్దామనుకున్నాను. పెట్టె తెరిచి అన్నయ్య ముందు పెడితే ఆయన ముఖం ఎలా ఉంటుందో రోజూ ఊహించుకుంటూ కుట్టాను. పోయిన ఉత్తరంలో నేను ఆటపట్టిస్తున్నానని నీకు అర్థమవుతుందనుకున్నాను. నువ్వు తెలివైనదానివని యాభై ఏళ్ళుగా నువ్వే చెబుతూ వచ్చావు మరి.

కారు సంగతి, డాక్టరు సంగతి, ఫోకెన్ గారి సంగతి, ఇవేవీ నాకు తెలియవు వదినా. తెలిస్తే ఆ రోజే టెలిగ్రాం ఇచ్చేదాన్ని. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి అన్నం సహించడం లేదు.

పని మాత్రం అద్దంలా వచ్చింది. అదైనా విను. పాత రిబ్బన్లు విప్పేశాను. ఆ రంగులే, ఆ వెడల్పే కొత్త పట్టు రిబ్బను ఇక్కడి దుకాణంలో దొరికింది. కుట్లు కనపడవు. పట్టీని వెనక్కి తిప్పి చూస్తే తప్ప తెలియదు. స్కూల్లో కుడిచేత్తో రాయమని చెయ్యి కట్టేశారు గానీ, సూది మాత్రం నా ఎడంచేతి నుంచి ఎవరూ లాక్కోలేకపోయారు. పాతవి కూడా పారెయ్యలేదు, ఒక కవర్లో దాచాను. కుట్టుపని టీచరు ఏదీ పారెయ్యదు.

ఇప్పుడే రైలెక్కి వచ్చి అన్నయ్య కాళ్ళ ముందు పెట్టమంటావా? నువ్వెలా అంటే అలా.

తాల్కే


యేవర్, 16 అక్టోబరు

తాల్కే,

రెండు రోజులు కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. అయినా రాస్తున్నాను.

నువ్వు రావద్దు. వస్తే ఏమవుతుందో ఆలోచించావా? మామగారి గోడగడియారం ఎవరికి చెందాలన్న దాని మీద మీ అన్నాచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. మధ్యలో పండగ కార్డులు రెండు వైపులా రాసి పోస్టు చేసినదాన్ని నేను. ఇప్పుడు అడక్కుండా ఆయన నాన్న పట్టీ ఎత్తుకుపోయావని తెలిస్తే మళ్ళీ మొదలు. పైగా ఏ తప్పూ చెయ్యని ఫోకెన్ గారి జేబులు వెతకబోయానని ఆయనకి తెలుస్తుంది. ఆ సిగ్గు ఆయన తట్టుకుంటాడా? ఈ పరిస్థితిలో? పెద్ద డాక్టరు దగ్గరికి ఆ ముఖంతో వెళితే ఏం జరుగుతుంది?

అందుకని నేనొకటి ఆలోచించాను. మా ఇంటికి పార్సిలు వద్దు. జుట్టు సర్దే ఎల్‌ఫ్రీడె దుకాణానికి పంపు. ఆవిడ నోరు ఎప్పుడూ ఆగదు గానీ, ఎదుటివాళ్ళ మాట వినదు కాబట్టి ప్రమాదం లేదు. నేను తెచ్చి సొరుగు వెనక, గోడకీ బీరువాకీ మధ్య జారిపడినట్టు పెడతాను. ఆయనే వెతికి తీస్తాడు. ఎవరూ దొంగ కాదు, ఎవరికీ మతి పోలేదు. సొరుగు వెనక జారిపడింది, అంతే. తర్వాత ఫోకెన్ గారికి ఆయనే క్షమాపణ చెప్పుకుంటాడు, నేను నా గట్టి కేకు ఒకటి పంపిస్తాను.

కొత్త రిబ్బన్ల సంగతంటావా, రెండు శిలువలు, రెండు గుడ్డ ముక్కలు. ఆయన చూపు మునుపటిలా లేదు. ఏం తెలుస్తుంది?

ఆల్ముత్


బ్రౌన్‌ష్వైగ్, 18 అక్టోబరు

వదినా,

పార్సిలు పంపాను. మీద "జుట్టు వలలు" అని రాశాను.

నాకు ఈ దాగుడుమూతలు నచ్చడం లేదు. అయినా నువ్వు చెప్పావు కాబట్టి నోరు మూసుకుంటున్నాను. ఇది నా జీవితంలో రెండోసారి. మొదటిసారి మీ పెళ్ళిలో నీ గౌను చూసినప్పుడు.

దొరకగానే రాయి. ఒక్క ముక్కైనా చాలు.

తాల్కే


యేవర్, 23 అక్టోబరు

తాల్కే,

దొరికింది. దొరక్కుండా ఉంటే బాగుండేది.

మంగళవారం పొద్దున బీరువా జరిపించాను, చీపురు సాకుతో. ఆయనే వంగి తీశాడు. "ఆల్ముత్!" అని అరిచాడు చూడు, మా పెళ్ళినాడు కూడా నా పేరు అంత సంతోషంగా పిలవలేదు. తెల్ల చేతితొడుగులు తొడుక్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను కాఫీ గింజలు కొలుస్తూ లోలోపల నన్ను నేనే మెచ్చుకుంటున్నాను.

కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళి చూస్తే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, పట్టీ ఒళ్ళో ఉంది.

"ఆల్ముత్, మా నాన్న ఏది ముందు పెట్టుకునేవాడు? కైజర్‌దా, డ్యూక్‌దా?"

"నాకేం తెలుసు? ఎలా ఉందో అలాగే పెట్టుకుని ఉంటాడు."

ఆ మాట ఎందుకన్నానో! అప్పుడు ఆయన చెప్పాడు. యాభై ఏళ్ళలో నాకు చెప్పని సంగతి.

మామగారు ఎప్పుడూ డ్యూక్ శిలువే ముందు కుట్టించుకునేవాడట. నియమం ప్రకారం అది తప్పు. కైజర్‌ది ముందుండాలి. ఎవరైనా అడిగితే, "కైజర్‌ది బస్తాలోంచి తీసి పంచారు. డ్యూక్ నన్ను హిన్రిక్ అని పేరు పెట్టి పిలిచి ఇచ్చాడు. పేరు తెలిసినవాడే ముందు" అనేవాడట. మా పెళ్ళికి రెండేళ్ళ ముందు, మాజీ సైనికుల ఊరేగింపులో, నాజీల కొత్త యూనిఫారం తొడుక్కున్న సంఘం పెద్ద ఒకడు ఆయన్ని వరసలోంచి బయటికి లాగి, అందరి ముందూ, "వరస మార్చి కుట్టించుకుని రా, లేకపోతే రావద్దు" అన్నాడట. మామగారు పట్టీ మీద చెయ్యి పెట్టుకుని, "అయితే రాను" అని ఇంటికి నడిచి వచ్చేశాడట. మళ్ళీ ఎన్నడూ వెళ్ళలేదు. సంఘం హాలు కాపలా ఉద్యోగం కూడా పోయిందట. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తకూడదన్నాడట. మీ అన్నయ్య పక్కనే ఉండి కళ్ళారా చూశాడు.

"చూశాననుకున్నాను" అన్నాడు మంగళవారం నాతో. "చూడు, ఇక్కడ కైజర్‌దే ముందుంది. అంటే నాన్న భయపడి మార్చుకున్నాడు. నేను ఇంకోలా గుర్తు పెట్టుకున్నాను. రిబ్బన్లకి పురుగు పట్టిందని కూడా అనుకున్నాను, అవీ బాగానే ఉన్నాయి. లేదా అసలు ఆ రోజు జరగనే లేదు. మూడు మాటలు గుర్తుండని వాడికి యాభై ఏళ్ళ నాటి ఊరేగింపు గుర్తుంటుందా?"

సాయంత్రం కారు తాళాలు తెచ్చి బల్ల మీద నా ముందు పెట్టాడు. నేను అడగలేదు. ఓనో కూడా అడగలేదు. ఆయనే పెట్టాడు. మర్నాటి నుంచి సొరుగులన్నిటికీ చీటీలు రాస్తున్నాడు, ఏ పతకం ఏ మనిషిదో. "వర్తకుడు తీసుకెళ్ళేటప్పుడు పేర్లైనా వెంట పోవాలి" అంటున్నాడు.

తాల్కే, నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. దీనికి జవాబు "కాదు" అయితే నేను నా భర్తని పోగొట్టుకుంటున్నానని అర్థం. "అవును" అయితే మనిద్దరం కలిసి ఆయన్ని ఆ స్థితికి తెచ్చామని అర్థం. వరస నువ్వు మార్చావా?

ఆల్ముత్


బ్రౌన్‌ష్వైగ్, 27 అక్టోబరు

వదినా,

అవును. నేనే మార్చాను.

విప్పుతున్నప్పుడు చూశాను, డ్యూక్‌ది ముందుంది. ఎవరో తెలియనివాడు కుట్టాడనుకున్నాను. ఎందుకనుకోను? ప్రతి క్రిస్మస్‌కీ కాఫీ బల్ల దగ్గర అన్నయ్య చెప్పే పాఠం అదే కదా: కైజర్ శిలువ ముందు, సొంత రాజ్యానిది తర్వాత, పరాయివి ఆఖరున. వినీ వినీ నాకు నిద్రలో కూడా వచ్చు. ఇన్నేళ్ళూ ఆయన మాట వినలేదంటాడు కదా, ఈ ఒక్కటైనా విన్నానని చూపిద్దామనుకున్నాను. ఆయన మెచ్చుకుంటాడని సరిచేశాను.

ఊరేగింపు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనప్పుడు ఇక్కడ హాస్టల్లో ఉండి బొత్తాం కాజాలు కుట్టడం నేర్చుకుంటున్నాను. ఆ ఏడాది ఇంటికెళ్ళినప్పుడు నాన్న ఆదివారం కోటు ఎందుకు వేసుకోవడం లేదని అడిగితే, చిమటలు పట్టిందన్నాడు. నేను నమ్మాను.

అంత పెద్ద యూనిఫారం వాడు అరిచినా నాన్న మార్చుకోనిది, నేను ఒక మధ్యాహ్నం పూట రేడియోలో పాటలు వింటూ మార్చేశాను వదినా. నాన్నే భయపడ్డాడని అన్నయ్య అనుకుంటున్నాడు. అది నేను భరించలేను. నా మీద కోపం తెచ్చుకోనీ, మళ్ళీ ఎన్నేళ్ళైనా మాట్లాడకపోనీ. నువ్వు చెప్పకపోతే నేను శనివారం వచ్చి చెబుతాను. ఎవరి మాటా వినను.

పాత రిబ్బన్లు, వెనక పాత గుడ్డ, నాన్న దారం ముక్కలు కూడా అన్నీ కవర్లో ఉన్నాయి.

తాల్కే


యేవర్, 30 అక్టోబరు

తాల్కే,

శనివారం తప్పకుండా రా. కానీ చెప్పడానికి కాదు. ఎందుకో ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివాక ఏప్రన్ విప్పి, జుట్టు సర్దుకుని, అంతా చెప్పేద్దామని ఆయన కోసం వెతికాను. హాల్లో లేడు. సామాన్ల గదిలో తలుపేసుకుని ఉన్నాడు. తలుపు తీయగానే, "మూసెయ్! వెలుతురు పడుతుంది!" అన్నాడు.

చీకట్లో ఆ నీలి దీపం పెట్టుకుని కూర్చున్నాడు. నీకు చూపించాడో లేదో, కొత్త గుడ్డనీ దారాన్నీ పట్టిచ్చే దీపం. ఈ కాలం వాటిలో తెలుపు మందు కలుపుతారు కాబట్టి దాని కింద మెరుస్తాయి, పాతవి మెరవవు. ఆ దీపం కింద పెట్టకుండా ఏ పతకానికీ ఆయన చీటీ రాయడు. ఆఖరి చీటీ వాళ్ళ నాన్న పట్టీది. సొంత నాన్నదాన్ని ఎవరు పరీక్షిస్తారు? ఇన్నేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదట. అలవాటుగా పెట్టాడట, అంతే.

"చూడు" అన్నాడు. కుట్లన్నీ, రిబ్బను మీది తెల్ల చారలూ చీకట్లో పెళ్ళి దీపాల్లా వెలుగుతున్నాయి.

"ఆల్ముత్, ఇది నాన్న కుట్టించింది కాదు. ఈ ఏడాదో నిరుడో కుట్టింది. నాన్న వరస మార్చుకోలేదు. నా బుర్ర పోలేదు!"

నేను నోరు తెరిచేలోపే లేచి కోటు తొడుక్కున్నాడు. "అయితే అసలుది ఫోకెన్ కొట్టేసి నకిలీ తెచ్చి పెట్టాడన్నమాట" అంటూ గుమ్మం దాకా వెళ్ళాడు. నేను చెయ్యి పట్టుకుని, "ఐలర్ట్, ఆగు, నేనొకటి చెప్పాలి" అంటే, "నువ్వు తర్వాత చెప్పు, నేను భూతద్దం మరిచిపోయాను" అని వెనక్కి వచ్చాడు. ఒక వస్తువు మరిచిపోవడం ఇంత మేలు చేస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

భూతద్దంతో వెనక వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. కోటు విప్పేశాడు.

"శిలువలు అసలువే. నాన్న కొక్కెం దగ్గర చిన్న గాటు ఉండేది, ఉంది. కుట్టే కొత్తది. కుట్లు కుడి నుంచి ఎడమకి కాదు, ఎడమ నుంచి కుడికి వాలాయి. ఎడంచేతివాటం. ఒక్క కుట్టు కూడా తప్పని చెయ్యి. పిల్లలకి నేర్పిన చెయ్యి." పట్టీ తిప్పి చూపిస్తూ, "సొరుగు వెనక వేలెడు దుమ్ము ఉంది. దీని మీద పొగాకు రేణువంత కూడా లేదు. అక్కడ పడి ఉన్నది కాదు, ఎవరో పెట్టారు. ఆ రోజు పొద్దున బీరువా జరపమన్నది ఎవరు?" అని నా వైపు చూశాడు.

నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. అయినా చెప్పాను. నీ ఉత్తరం ఇచ్చాను. "నాన్న చిమటలన్నాడా?" అన్నాడు చదివి. కోపం వచ్చిందో లేదో నాకు తెలియదు. కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

తర్వాత ఫోకెన్ గారింటికి వెళ్ళాం, నడిచే. తాళాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. ఆయన తలుపు ఓరగా తీసి, లోపలికి రమ్మనలేదు. మీ అన్నయ్య వానలో నిలబడి, "ఫోకెన్, నేను తప్పు చేశాను. దాన్ని సరిదిద్దుకోవడం నాకు తెలియడం లేదు. ఇది ఎవరు కుట్టారో నీ అభిప్రాయం చెప్పు" అని పట్టీ చాచాడు. ఫోకెన్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పట్టీ తీసుకుని తలుపేసుకున్నాడు. మేము గుమ్మంలోనే తడుస్తున్నాం. చాలాసేపటికి తలుపు తీసి, "ఎడంచేతివాటం ఆడమనిషి. ఎవరో బడిపంతులమ్మ" అన్నాడు. క్షమించాననలేదు. కానీ ఇవాళ గురువారం. వచ్చాడు. మీ అన్నయ్యతో ఒక్క ముక్క మాట్లాడకుండా, మూడు కప్పులు తాగాడు. మూడో కప్పులో చెంచా పెడతాడేమోనని నేను చూస్తూ కూర్చున్నాను. పెట్టలేదు. నాలుగోది పోశాను.

నువ్వు సంతోషపడతావని తెలుసు. నేనూ పడ్డాను. కానీ నీకు నిజం చెప్పాలి. సాయంత్రం ఆయన కెటిల్ మళ్ళీ మాడ్చాడు. కుట్టు చూసి మనిషిని చెప్పగలిగే కన్ను ఉండటం వేరు, పొయ్యి మీద ఏముందో గుర్తుండటం వేరు. పన్నెండో తారీకు ఇంకా అలాగే ఉంది. పరీక్షకి వెళదామన్నాడు, తనే. పెద్ద డాక్టరు ఏమంటాడో నాకు తెలియదు. ఓనోకి ఫోను చేసి, ఏ జవాబు వచ్చినా ఆ ఎండ గది సంగతి పెళ్ళిరోజు దాటేదాకా నా ఎదుట ఎత్తొద్దన్నాను. పతకాల చీటీలు ఆయన ఇంకా రాస్తూనే ఉన్నాడు. కాకపోతే నిన్న రాసినవి వర్తకుడి కోసం, ఇవాళ రాసేవి తన కోసం అంటున్నాడు. నాకు తేడా కనపడటం లేదు. అడగలేదు కూడా.

నీ గొడుగు గుమ్మం వెనకే ఉంది. కింద మీ అన్నయ్య రాస్తానంటున్నాడు.

ఆల్ముత్

*

తాల్కే,

నా అభిప్రాయం. వస్తువు: రెండు శిలువల పట్టీ, ఓల్డెన్‌బుర్గ్, హిన్రిక్ బెరెన్డ్స్‌ది. శిలువలు అసలైనవి. కుట్టు 1986లో బ్రౌన్‌ష్వైగ్‌లో, నా మాటలు ఎప్పుడూ సగమే విన్న ఒక ఎడంచేతి మనిషి కుట్టినది. పని చాలా బాగుంది. వరస నియమం ప్రకారం సరిగ్గా ఉంది. అదే దాని లోపం.

శనివారం ఆ కవరు తీసుకురా. పురుగులు తిన్నా సరే, పాత రిబ్బన్లే కావాలి. నా పక్కన కూర్చుని విప్పి మళ్ళీ తప్పుగా కుట్టు. డ్యూక్‌ది ముందు. నాకు గుర్తున్నట్టు కుట్టు.

నాకు గుర్తుండగానే.

అన్నయ్య ఐలర్ట్